రాళ్ళను చదివిన రాబర్ట్ బ్రూస్ ఫుట్

నీలగిరుల పాదాలను విడిచి భవానీ నది మైదానంలోకి దిగే చోట మేట్టుపాళయం ఉంది. కొంగునాట తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ ఊరు, దీని చుట్టుపక్కల పల్లెలు పరాయివి కావు. నది ఒడ్డున ఆడుకొనే పిల్లలు నునుపైన గులకరాళ్ళను, ఎండకు తళుక్కుమనే పలుగురాళ్ళను ఏరి జేబులు నింపుకోవడం ఇక్కడ ఎప్పుడూ కనిపించే దృశ్యమే. ఇంటికి వచ్చాక పెద్దలు కోప్పడతారు. రాళ్ళు పెరట్లోకి చేరతాయి. నాలుగు రోజులకు ఏ రాయి ఎక్కడిదో ఎవరికీ గుర్తుండదు.

రాయి ఎక్కడిదో గుర్తుండడమే దాని విలువలో సగమని తన జీవితమంతా నిరూపించిన వ్యక్తి ఒకరు దక్షిణదేశంలో యాభై ఏళ్ళకు పైగా తిరిగారు. ఆయన పేరు రాబర్ట్ బ్రూస్ ఫుట్. భారతదేశ ప్రాక్చరిత్రకు పితామహుడని చరిత్రకారులు ఆయనను గౌరవిస్తారు. ఆయన ఏరిన రాళ్ళలో ఎన్నో తెలుగువారు నివసించే నేలమీదనో, ఆ నేల సరిహద్దుల్లోనో దొరికినవే.

రత్నాల నేల

ఫుట్ రాకకు ఎన్నో శతాబ్దాల ముందే కొంగునాడు రాళ్ళకు ప్రసిద్ధి పొందింది. నేడు తిరుప్పూర్ జిల్లాలో ఉన్న కాంగేయం సమీపంలోని పడియూరులో బెరిల్ జాతి రత్నశిలలు దొరికేవి. భూగర్భంలో కరిగిన గ్రానైటు చివరి భాగం పగుళ్ళలోకి చేరి, మెల్లమెల్లగా చల్లారినప్పుడు అందులో పెద్ద పెద్ద స్ఫటికాలు పెరుగుతాయి. బెరిల్ స్ఫటికం ఆరు ముఖాల కడ్డీలా ఉంటుంది. సముద్రజలపు రంగు గల బెరిల్‌ను రోమన్లు ఎంతగానో మోజుపడి కొన్నారు. మేలైన బెరిల్ భారతదేశంనుండే వస్తుందని రోమన్ రచయిత ప్లినీ తన గ్రంథంలో నమోదు చేశాడు. కోయంబత్తూరు ప్రాంతంలో తరచుగా బయటపడిన రోమన్ నాణేలు ఆ వర్తకానికి సాక్ష్యాలు. నొయ్యల్ నది ఒడ్డున ఉన్న కొడుమణల్‌లో 1985 నుండి జరిగిన తవ్వకాలలో బెరిల్, పలుగురాయి, నీలం వంటి రాళ్ళతో పూసలు తయారుచేసిన పనివారి ఆనవాళ్ళు లభించాయి.

అంటే ఈ నేలలో రాళ్ళు ఏరడం కొత్త సంగతి కాదు. కొత్తదల్లా ఒక్కటే. రాయిని అమ్ముకోవడానికి కాక, దానినుండి నేల చరిత్రను తెలుసుకోవడానికి ఏరడం. ఆ పనిని దక్షిణదేశంలో ఒక క్రమశిక్షణగా మలచినవారిలో ఫుట్ అగ్రగణ్యులు.

మద్రాసుకు రాక

రాబర్ట్ బ్రూస్ ఫుట్ 1834 సెప్టెంబరు 22న ఇంగ్లండులోని చెల్టెన్‌హామ్ పట్టణంలో జన్మించారు. 1858 సెప్టెంబరులో భారత భూగర్భ సర్వేక్షణ శాఖలో చేరారు. అప్పటికి ఆయన వయస్సు ఇరవై నాలుగేళ్ళు. శాఖాధిపతి థామస్ ఓల్డ్‌హామ్. మద్రాసు రాజధాని పరిధిలోని నేలను పరిశీలించి, ఏ రాతిపొర ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో పటాలపై గుర్తించడం యువ ఉద్యోగుల పని. చలికాలం రాగానే గుడారాలు, పెట్టెలు సర్దుకొని పల్లెలకు బయలుదేరాలి. ఎండలు ముదిరేవరకు గుర్రం మీదనో, కాలినడకనో కొండలూ వాగులూ తిరగాలి. వానకాలంలో నివేదికలు వ్రాయాలి. ఈ దినచర్యలో ఫుట్ మూడు దశాబ్దాలకు పైగా గడిపారు. ఆయన చేయి తిరిగిన చిత్రకారుడు కూడా. కొండల ఆకృతులను, రాతిపొరల వరుసను స్వయంగా గీసుకొనేవారు.

ఆయన వివాహం మద్రాసులోనే పేరుపొందిన పీటర్ పెర్సివల్ కుమార్తె ఎలిజబెత్‌తో జరిగింది. పెర్సివల్ తమిళ పండితుడు. 1862లో తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు ఒకటి కూర్చి ప్రచురించినవాడు కూడా. ఈ బంధుత్వం వల్ల సేలం సమీపంలోని షెవరాయ్ కొండలమీది ఏర్కాడు ఫుట్‌కు రెండవ స్వస్థలమైంది.

పల్లావరం గుంటలో ఒక రాయి

ఆ కాలంలో ఐరోపాలో ఒక పెద్ద వివాదం తేలిపోయింది. ఫ్రాన్సులోని సోమ్ నది ఒండ్రులో, అంతరించిన జంతువుల ఎముకలతోబాటు దొరికిన చెకుముకి పనిముట్లు మనుషులు చేసినవేనని 1859లో జోసెఫ్ ప్రెస్ట్‌విచ్, జాన్ ఇవాన్స్ నిర్ధారించారు. మనిషి పుట్టుక అందరూ అనుకున్నదానికంటే ఎంతో పురాతనమని తేలింది. భారతదేశంలో మాత్రం అటువంటి సాక్ష్యం ఉన్నదని అంతవరకు ఎవరూ చూపలేదు.

1863 మే 30న ఫుట్ మద్రాసు శివార్లలోని పల్లావరంలో, సైనికుల కవాతు మైదానం దగ్గర కంకర కోసం తవ్విన గుంటను పరిశీలిస్తున్నారు. ఎర్రని తుప్పురాతి కంకరలో ఒక రాయి ఆయన దృష్టిని ఆకర్షించింది. అది నీటిలో దొర్లి నునుపెక్కినది కాదు. రెండువైపులా పెచ్చులు ఊడదీసి, ఒక కొనను పదునుగా తీర్చినది. అది మనిషి చేతిలో రూపు దిద్దుకున్న చేతిగొడ్డలి.

ఒక్క రాయితో ఎవరినీ ఒప్పించలేమని ఆయనకు తెలుసు. గుంటలోనిది గనుక అది ఎక్కడినుండైనా వచ్చి పడి ఉండవచ్చునని ఎవరైనా అనవచ్చు. అందుచేత ఆయన పొరలోనే పాతుకొని ఉన్న రాళ్ళకోసం వెదకసాగారు. అదే ఏడు సెప్టెంబరు 28న సహోద్యోగి విలియం కింగ్‌తో కలిసి తిరువళ్ళూరు ప్రాంతంలో కొసస్థలై నది దగ్గరి అత్తిరంపాక్కం చేరారు. అక్కడి వాగు కోసిన గట్టులో, కదలని పొరలో, పనిముట్లు గుంపుగా కనిపించాయి. సందేహానికి తావు లేకుండా పోయింది. 1866లో మద్రాసు సాహిత్య విజ్ఞాన పత్రికలో ఫుట్ తన వ్యాసాన్ని ప్రకటించారు. భారతదేశంలో పాతరాతియుగ మానవుడు ఉన్నాడన్న సంగతి లోకానికి తెలిసింది.

ఆ రాళ్ళు ఎక్కడివి? అత్తిరంపాక్కం మనుషులు క్వార్ట్‌జైట్ అనే గట్టిరాతి గుండ్లను వాడారు. అవి సమీపంలోని అల్లికుళి కొండల గులకశిలలనుండి వచ్చినవి. ఆ కొండల వరుసకు ఉత్తరాన సత్యవేడు ఉంది. అక్కడి రాతిపొరలకు భూగర్భశాస్త్రంలో సత్యవేడు పొరలనే పేరు స్థిరపడింది. ఫుట్ తిరిగిన రోజుల్లో ఇదంతా ఒకే రాజధాని. 1960 ఏప్రిల్ 1న సరిహద్దులు మారి సత్యవేడు ప్రాంతం ఆంధ్రకు, తిరుత్తణి మద్రాసుకు చేరాయి. పటంపై గీత కదిలింది. గీతకు ఇరువైపులా ఒకే రాయి, ఒకే మాటలు, ఒకే బంధుత్వాలు మిగిలాయి.

రాతిలో మిగిలిన ఆకులు

ఫుట్ కృషి పనిముట్లకే పరిమితం కాలేదు. మద్రాసుకు పడమటగా ఉన్న శ్రీపెరుంబుదూరు పరిసరాలలోని తెల్లని పలకరాళ్ళలో ఆయన వృక్ష శిలాజాలను సేకరించారు. ఆ తర్వాత తెలుగు తీరంవెంబడి బందరు వరకు సర్వే చేస్తూ, ఒంగోలు ప్రాంతంలోని వేమవరం దగ్గర అటువంటి ఆకుల ముద్రలనే గుర్తించారు. ఈ తీరప్రాంతపు భూగర్భ నిర్మాణంపై ఆయన నివేదిక 1879లో వెలువడింది. అవి కలకత్తాలోని శిలాజ శాస్త్రవేత్త ఒట్టోకర్ ఫైస్ట్‌మాంటెల్ పరిశీలనకు చేరాయి. ఆ శాస్త్రవేత్త అదే సంవత్సరం మద్రాసు తీరపు వృక్ష శిలాజాలను వర్ణిస్తూ గ్రంథం ప్రచురించారు.

ఆకు శిలగా మారే తీరు సామాన్యమైనదే. చెట్టునుండి రాలిన ఆకు కదలిక లేని నీటి అడుగున మెత్తని ఒండ్రులో పడుతుంది. దానిపై మరో పొర ఒండ్రు, దానిపై మరొకటి పేరుకుంటాయి. గాలి తగలనందున ఆకు కుళ్ళిపోక, బరువుకు అణగి, తన ఆకృతిని బురదకు అప్పగిస్తుంది. బురద గట్టిపడి పలకరాయి అవుతుంది. కోట్ల ఏళ్ళ తర్వాత ఆ పలకను పొరవెంబడి జాగ్రత్తగా చీల్చితే పుస్తకం తెరిచినట్లు రెండు పుటలు విడివడతాయి. ఒకదానిమీద ముద్ర, మరొకదానిమీద దాని ప్రతిముద్ర ఉంటాయి. ఈత ఆకును తలపించే టైలోఫిల్లమ్ వంటి మొక్కలు ఈ పొరల్లో విరివిగా కనిపిస్తాయి. వాటి వయస్సు పన్నెండు, పదమూడు కోట్ల సంవత్సరాలు. వేమవరం పొరల్లో ఆకులతోపాటు సముద్రజీవుల శిలాజాలు కూడా ఉన్నాయి. అంటే ఆనాటి సముద్రం అక్కడిదాకా వచ్చేదన్నమాట.

ఇది వినోదం కోసం చేసిన పని కాదు. ఏ ఆకు ఏ కాలానిదో తెలిస్తే, ఆ పొరల్లో బొగ్గు ఉంటుందో లేదో అంచనా వేయవచ్చు. గోదావరి లోయలో బొగ్గు దొరికే పొరలు ఇంకా పురాతనమైనవి. వాటిలోని ఆకులు వేరు. అత్తిరంపాక్కంలో ఫుట్ పక్కన నడిచిన విలియం కింగే 1871లో ఇల్లందు సమీపంలో సింగరేణి బొగ్గును గుర్తించారు. ఈనాటికీ సింగరేణి కార్మికులు ఒక ముఖ్యమైన బొగ్గుపొరను కింగ్ సీమ్ అని పిలుస్తారు. ఒక మిత్రుడి పేరు లక్షల ఇళ్ళలో దీపం వెలిగించిన బొగ్గుకు అంటుకుంది. మరొకరి పేరు మ్యూజియం అద్దాల వెనుక రాళ్ళకు అంటుకుంది.

గుహలు, బూడిద దిబ్బలు, వజ్రాలు

నేడు నంద్యాల జిల్లాలో ఉన్న బేతంచెర్ల సమీపాన సున్నపురాతి కొండల్లో బిలసర్గం గుహలున్నాయి. వాటిలో ఎముకలు ఉన్నట్లు 1844లోనే కెప్టెన్ న్యూబోల్డ్ తెలిపినా, తర్వాత ఎవరూ పట్టించుకోలేదు. ప్రఖ్యాత శాస్త్రజ్ఞుడు హక్స్‌లీ మద్రాసు గవర్నరు గ్రాంట్ డఫ్‌కు ఈ గుహల సంగతి గుర్తుచేయగా, 1883–85 నడుమ ఫుట్‌కు ఆ పని అప్పగించబడింది. ఆయన సైన్యంలో లెఫ్టినెంటుగా ఉన్న తన కుమారుడు హెన్రీని తోడు తెచ్చుకున్నారు. తండ్రి ఇతర పనులపై వెళ్ళవలసి వచ్చినప్పుడు కుమారుడే తవ్వకం కొనసాగించాడు. అక్కడ దొరికిన ఎముకలను రిచర్డ్ లైడెక్కర్ పరిశీలించగా, వాటిలో ఒక ఖడ్గమృగం జాతి కూడా బయటపడింది. దానికి కర్నూలు పేరే పెట్టారు. ఇప్పుడు అస్సాంలో చూడవలసిన ఖడ్గమృగం ఒకనాడు రాయలసీమలో తిరిగిందన్న మాట. గుహల్లో మట్టి తవ్వి, గంపలతో మోసి, జల్లెడ పట్టిన కూలీల పేర్లు మాత్రం చరిత్రకు దక్కలేదు.

బళ్ళారి జిల్లాలో ఫుట్ చాలాకాలం పనిచేశారు. అక్కడి కుప్పగల్ కొండపై కొత్తరాతియుగపు గొడ్డళ్ళ తయారీ స్థలాన్ని ఇంజనీరు ఫ్రేజర్ కనుగొనగా, ఫుట్ దానిని వివరంగా పరిశీలించి ప్రకటించారు. మోటుగా కొట్టిన నల్లరాయి, సగంలో విరిగిన గొడ్డలి, నునుపుగా అరగదీసిన గొడ్డలి అన్నీ ఒకేచోట ఉన్నాయి. కాబట్టి పని మొదలు చివర అంతా అర్థమైంది. పల్లెవాసులు ఇటువంటి నునుపైన గొడ్డళ్ళను పిడుగురాళ్ళని నమ్మి భద్రపరచడం దక్షిణదేశమంతటా ఉన్న ఆచారమే.

ఆ ప్రాంతంలోని బూడిద దిబ్బలను జనం హిడింబాసురుని చితి బూడిదగా చెప్పుకొనేవారు. అవి పశువుల మందల పేడ తగలబడగా మిగిలిన బూడిదేనని ఫుట్ అభిప్రాయపడ్డారు. చాలామంది ఒప్పుకోలేదు. 1957లో పాలమూరు ప్రాంతంలోని ఉట్నూరులో రేమండ్ ఆల్చిన్ తవ్వకాలు జరిపి, అవి కొత్తరాతియుగపు పశువుల దొడ్లేనని నిరూపించేసరికి ఫుట్ గతించి దాదాపు నలభై అయిదేళ్ళయింది.

అనంతపురం జిల్లా వజ్రకరూరు సంగతి మరొక ముఖ్యమైన ఘట్టం. తొలకరి వానకు నేల కడిగినట్లయ్యాక వజ్రాలకోసం పొలాల్లో వెదకడం ఆ ఊరి జనానికి అలవాటు. అక్కడి పెగ్మటైట్ రాతిలోనే వజ్రాలు ఉన్నాయని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు షాపెర్ ప్రకటించగా ఐరోపాలో సంచలనం కలిగింది. ఫుట్ స్వయంగా ఆ స్థలాన్ని పరిశీలించి, ఆ వాదానికి ఆధారం కానరాదని 1889లో వ్రాశారు. వజ్రాల మాట వినగానే మదుపుదారులు ఎగబడే కాలంలో, లేనిదానిని లేదని చెప్పడానికి నిబ్బరం కావాలి. వజ్రకరూరు వజ్రాలు కింబర్లైట్ అనే అగ్నిశిల గొట్టాలనుండి వచ్చినవని తర్వాతి పరిశోధనలు తేల్చాయి.

దక్షిణదేశపు బంగారం ప్రధానంగా ఏ శిలల్లో ఉంటుందో వివరించి, వాటిని ధార్వాడ్ శిలలుగా వర్గీకరించినది కూడా ఫుట్ గారే. ఆ వ్యాసం 1888లో వెలువడింది.

పొరపాట్లు

ఆయన చెప్పినదంతా సరైనది కాదు. పాతరాతియుగానికి, కొత్తరాతియుగానికి నడుమ మనుషులు లేని సుదీర్ఘమైన ఖాళీ ఉన్నదని ఆయన భావించారు. గుజరాత్‌లో సబర్మతి ఒడ్డున, పాత పనిముట్ల పొరపై పేరుకున్న మందమైన ఒండ్రును చూసి ఆ నిర్ణయానికి వచ్చారు. నడిమి కాలపు పనిముట్లు తర్వాత దేశమంతటా దొరికి ఆ భావనను తొలగించాయి. అయితే ఆయన పొరపాటును సరిదిద్దగలిగింది కూడా ఆయన వ్రాసిపెట్టిన వివరాల ఆధారంగానే. ఏ రాయి ఏ ఊళ్ళో, ఏ వాగు గట్టున, ఏ పొరలో దొరికిందో ఆయన నమోదు చేశారు. కనుక ఆయన అభిప్రాయం తప్పినా రాయి చెప్పే సాక్ష్యం చెడిపోలేదు.

చివరి రోజులు

1891లో ఫుట్ ప్రభుత్వ సర్వీసునుండి విరమించారు. అయినా సుత్తి విడువలేదు. బరోడా సంస్థానపు నేలను పరిశీలించారు. 1894లో మైసూరు సంస్థానం భూగర్భశాఖను నెలకొల్పినప్పుడు దానికి తొలి అధిపతిగా పనిచేశారు. ఆ తర్వాత ఏర్కాడులో స్థిరపడి, జీవితమంతా కూడబెట్టిన రాళ్ళను, కుండపెంకులను ముందు వేసుకొని జాబితా వ్రాయడం మొదలుపెట్టారు.

1904లో ఆయన సేకరణను మద్రాసు ప్రభుత్వం ఎగ్మూరు మ్యూజియం కోసం కొనుగోలు చేసింది. వందలాది స్థలాలనుండి వచ్చిన వేలాది వస్తువులవి. విడివిడిగా అమ్మి ఉంటే విదేశీ సేకర్తల బల్లలమీదికి చెదరిపోయేవి. ఒకేచోట, అవి దొరికిన దేశంలోనే ఉండిపోవడం వల్ల నేటి విద్యార్థి కూడా వాటిని చూడగలుగుతున్నాడు.

జాబితా వ్రాయడం పూర్తయినా, అచ్చయిన గ్రంథాన్ని చూసే భాగ్యం ఆయనకు కలగలేదు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో తన డెబ్బయ్యెనిమిదేళ్ళ వయస్సులో ఫుట్ కన్నుమూశారు. ఆయన అస్థికలను ఏర్కాడులోని హోలీ ట్రినిటీ చర్చికి చేర్చారు. ఆయన సేకరణ జాబితా 1914లోను, దానికి అనుబంధమైన వివరణలు 1916లోను వెలువడ్డాయి.

మిగిలిన మాట

పల్లావరంలో ఆయన నిలబడిన చోటు నగరంలో కలిసిపోయింది. అత్తిరంపాక్కం మాత్రం మిగిలింది. శాంతి పప్పు, కుమార్ అఖిలేశ్ బృందం 1999 నుండి అక్కడ తవ్వకాలు జరిపింది. అక్కడి తొలి పనిముట్లు సుమారు పదిహేను లక్షల ఏళ్ళనాటివని 2011లోను, తర్వాతి దశవి మూడు లక్షల ఎనభై అయిదు వేల ఏళ్ళనాటివని 2018లోను ప్రకటించింది. ఈ లెక్కలు ప్రపంచ మానవ చరిత్రనే తిరగవ్రాయించాయి. ఆ గట్టు కంకరగా లారీలకు ఎక్కి ఉంటే ఈ మాట చెప్పడానికి ఏమీ మిగిలేది కాదు.

నేడు సరిహద్దు పల్లెల్లో ఇళ్ళకు, రోడ్లకు కంకర కావాలి. కొండలు, వాగు గట్లు అందుకోసం తరిగిపోతున్నాయి. ఆ తవ్వకాల్లో ఆకు ముద్ర ఉన్న పలకనో, రెండువైపులా చెక్కిన గొడ్డలినో తొలుత చూసేది శాస్త్రజ్ఞుడు కాదు, ఆ ఊరి రైతో, కూలీయో, బడిపిల్లవాడో. చెక్కిన రాయి కనిపిస్తే దానిని పెకలించక, ఉన్నచోటనే ఉంచి, బడి పంతులుకో పురావస్తు శాఖకో తెలియజేయడం ఉత్తమం. నదిలో దొర్లివచ్చిన గులకరాయినో స్ఫటికాన్నో పిల్లవాడు ఇంటికి తెచ్చుకుంటే పారవేయించక, ఒక చీటీమీద ఊరి పేరు, చోటు, తేదీ వ్రాయించి దానికి అతికించవచ్చు. ఫుట్ యాభై ఏళ్ళపాటు చేసిన పని స్థూలంగా అదే. ఆ చీటీలు ఉన్నందువల్లనే, పాలించిన రాజ్యాలు మారి, జిల్లాల పేర్లు మారి, సరిహద్దు గీతలు మారినా, ఆయన రాళ్ళు తమ ఊళ్ళను మరచిపోలేదు.